షేల్ సోర్స్ రాక్‌లపై ప్రాజెక్టు: కెమిస్ట్రీ అంతగా రానివారు తీసుకోవచ్చా?

ప్రశ్న: జియాలజీలో ఎంఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. షేల్ సోర్స్ రాక్‌ల (చమురు, గ్యాస్ పుట్టే బంకమట్టి రాళ్ల) ఉష్ణ పరిపక్వతపై, అంటే భూగర్భ వేడికి అవి ఎంతవరకు మగ్గాయన్న దానిపై, ప్రాజెక్టు చేయమని మా గైడ్ సూచించారు. నాకు కెమిస్ట్రీ అంతంత మాత్రమే. పైగా, నమూనాను యంత్రంలో పెడితే అంకెలన్నీ అదే ఇస్తుందని సీనియర్లు అంటున్నారు. ఇందులో నేర్చుకోవడానికి, ఉద్యోగంలో ఎదగడానికి ఏముంటుంది?

సమాధానం: మీ సీనియర్లు చెప్పినట్లు అంకెలను యంత్రమే ఇస్తుంది, కానీ వాటిలో దేన్ని నమ్మాలో అది చెప్పదు. సంస్థలు జీతమిచ్చి పెట్టుకునేది ఆ విచక్షణ ఉన్నవారినే.

ఒక ఉదాహరణ చూడండి. రాక్-ఎవాల్ పరికరంలో కొద్దిపాటి రాతిపొడిని జడవాయువులో వేడి చేసినప్పుడు, 300 డిగ్రీల సెల్సియస్ వద్ద రాతిలో అప్పటికే ఉన్న హైడ్రోకార్బన్లు బయటపడతాయి. దాన్ని ఎస్1 అంటారు. ఆపైన వేడి పెంచుతూ పోతే కెరోజెన్ (రాతిలోని ఘన సేంద్రియ పదార్థం) విచ్ఛిన్నమై వెలువడేది ఎస్2, అది గరిష్ఠంగా వెలువడే చోట నమోదయ్యే ఉష్ణోగ్రత టీమ్యాక్స్. ఒక షేల్‌లో సేంద్రియ కార్బన్ 3 శాతం, ఎస్2 గ్రాముకు 3 మిల్లీగ్రాములు వచ్చాయనుకుందాం. అప్పుడు హైడ్రోజన్ ఇండెక్స్ (ఎస్2ను సేంద్రియ కార్బన్ శాతంతో భాగించి వందతో గుణిస్తే వచ్చేది) 100. అది చూసి, నేలమీది మొక్కల నుంచి ఏర్పడిన, గ్యాస్ మాత్రమే ఇవ్వగల మూడో రకం కెరోజెన్ అని తొందరపడి రాసేయవచ్చు. కానీ టీమ్యాక్స్ 460 డిగ్రీలు ఉంటే, ఒకప్పుడు నూనెనిచ్చే రెండో రకం కెరోజెన్ తన శక్తిలో చాలా భాగం ఇచ్చేసి మిగిలిన స్థితి కూడా అదే కావచ్చు. అంకె ఒక్కటే అయినా, ఆ బేసిన్‌లో (అవక్షేపాలు పేరుకున్న పల్లపు ప్రాంతంలో) నూనె తయారైందా లేదా అన్న ప్రశ్నకు ఈ రెండు వివరణలూ పూర్తిగా వేరైన జవాబులిస్తాయి.

ఈ చిక్కు విడదీయడానికి మైక్రోస్కోప్ కావాలి. మొక్కల కలప నుంచి వచ్చిన విట్రినైట్ కణాలు కాంతిని ఎంత శాతం ప్రతిఫలిస్తాయో మైక్రోస్కోప్‌లో కొలుస్తారు. సాధారణంగా ఈ విట్రినైట్ రిఫ్లెక్టెన్స్ 0.6 శాతం దగ్గర నూనె ఏర్పడే దశ మొదలై, సుమారు 1.3 శాతం దగ్గర ముగుస్తుంది. కెరోజెన్ రకాన్ని బట్టి ఈ హద్దులు కొంత మారుతాయి. అయితే పాత రాళ్ల నుంచి కొట్టుకొచ్చిన విట్రినైట్ కణాలను కూడా లెక్కలో కలిపితే పరిపక్వత ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. కలప మొక్కలు పుట్టకముందు ఏర్పడిన షేల్స్‌లో అసలు విట్రినైటే ఉండదు కాబట్టి గ్రాప్టోలైట్‌లనో (ప్రాచీన సముద్రజీవుల శిలాజాలు) ఘన బిట్యుమెన్‌నో (రాతిలో గట్టిపడిన తారులాంటి పదార్థం) కొలవాలి. నూనె ఆధారిత డ్రిల్లింగ్ మడ్ (బావి తవ్వేటప్పుడు వాడే ద్రవం) అంటిన నమూనాలో ఎస్1 పెరిగిపోతుంది. ఎస్2 మరీ తక్కువైతే టీమ్యాక్స్‌కు విలువ లేదు. నాకు ఈ రంగం మీద గౌరవం కలిగించేది ఈ పరిశీలనే. దీన్ని ఓపికగా నేర్చుకున్నవారు ఎక్కడా ఎక్కువమంది ఉండరు.

కెమిస్ట్రీ గురించి అంత భయం అక్కర్లేదు. హైడ్రోకార్బన్ల నిర్మాణం, కర్బన-హైడ్రోజన్ నిష్పత్తులు, ఉష్ణోగ్రతను బట్టి చర్యావేగం మారే తీరు మొదట గట్టిగా పట్టుకోండి. బయోమార్కర్లు (ఒకప్పటి జీవుల ఆనవాళ్లు మోసే అణువులు) తరువాత చూసుకోవచ్చు. వీటితోపాటు వెల్ లాగ్‌లు (బావిలో లోతుతో పాటు నమోదు చేసే కొలతలు) చదవడం, బరియల్ హిస్టరీ మోడలింగ్ (రాళ్లు ఎప్పుడు ఎంత లోతుకు కూరుకుపోయాయో లెక్కగట్టడం) తప్పక నేర్చుకోండి. చమురు ధర పడినప్పుడు అన్వేషణ నియామకాలు మందగిస్తాయి కనుక, ఒక్క ల్యాబ్ పనికే పరిమితమైనవారు ముందుగా ఇబ్బంది పడతారు.

ప్రాజెక్టుకు ఒప్పుకునే ముందు మీ గైడ్‌ను ఒక్క విషయం అడగండి: అవే నమూనాలపై పైరాలిసిస్‌తోపాటు (రాక్-ఎవాల్‌లో వేడిచేసే పరీక్షతోపాటు) రిఫ్లెక్టెన్స్ కూడా మీ చేత్తో మీరే కొలిచే వీలుందా? ఉంటే సంకోచించకుండా తీసుకోండి. బయటి ల్యాబ్ పంపిన పట్టికలకు గ్రాఫులు గీయడమే పని అయితే, కనీసం కొన్ని నమూనాలనైనా మైక్రోస్కోప్ కింద చూసే ఏర్పాటు అయ్యాకే ఒప్పుకోండి.