మహబూబ్‌నగర్‌ల కరాటే స్కూల్ చూడబోతే ఏం గమనించాలె? 36 ఏళ్లకు నేను గూడ చేరొచ్చా?

పాపకు తొమ్మిదేళ్లు, కరాటేల చేర్పిద్దామనుకుంటున్న, పనిలో పని నేను గూడ నేర్చుకోవచ్చా, మాస్టర్ మంచోడో కాదో ఒక్కసారి పోయి చూస్తే ఎట్ల తెలుస్తది అని అడిగిన్రు. నేను గూడ పాలమూరోణ్నే. మూడేళ్ల కింద అచ్చం ఇదే ప్రశ్న నాది. అప్పుడు నాకు 38, మా బిడ్డకు ఎనిమిది. రెండు చోట్ల పైసలు కట్టినం, ఒక్క చోటనే నేర్చుకున్నం.

మొదటిదాని గురించి ఎక్కువ చెప్ప. ఏసీ హాలు, గోడ పొడుగూత అద్దాలు, ఏడాదిన్నరల బ్లాక్ బెల్ట్ గ్యారంటీ. రెండు నెలలకో టెస్ట్, టెస్టుకో ఫీజు. పిల్ల ఏం చేసినా 'సూపర్, ఎక్స్‌లెంట్'. యెల్లో బెల్ట్ వచ్చిన దినం ఇంట్ల స్వీట్లు పంచినం. మా నాయిన వయసుల ఉన్నప్పుడు పీర్ల పండుగకు ఊళ్లె కర్ర తిప్పినోడు. "ఏదీ, ఒక్కటి గుద్దు బిడ్డా" అని అరచెయ్యి చాపిండు. పిల్ల బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించింది. అట్ల గుద్దితే ముందుగాల విరిగేది దాని వేలే. మా నాయిన ఏం అనలే, మెల్లగ వేలు బయటికి తీసి పైన పెట్టిండు. యెల్లో బెల్ట్ నడుముకున్నది, పిడికిలి పట్టరాదు. వచ్చే నెల నుంచి మానిపించిన.

రెండోది ఒక బడి ఎనుక ఖాళీ జాగ. మ్యాట్లు లేవు, ఎర్రమట్టి, ఒక వేపచెట్టు, నీళ్ల డ్రమ్ము. పొద్దుగాల ఐదున్నరకే మొదలు. మాస్టర్ అరవై దాటినాయన, ఆర్టీసీ డిపోల మెకానిక్‌గ చేసి రిటైరైండు. క్లాసు చూడొచ్చా అంటే "కూసోండ్రి సార్, ఫోన్ జేబుల పెట్టుకోండ్రి" అన్నడు, అంతే. ఫీజు మాట ఆయన ఎత్తలే, నేనే అడిగిన. నెలకు 600.

ఆ పొద్దు చెయ్యి విడిపించుకునుడు నేర్పిస్తున్నడు. ఎవరన్నా మన మణికట్టు పట్టుకుంటే ఆ పట్టుల బలం తక్కువున్న చోటు బొటనవేలు, మిగిలిన వేళ్ల కొసలు కలిసే సందు. ఊకె ఎనుకకు గుంజితే రాదు. మన మణికట్టు సన్నటి పక్కను ఆ సందు దిక్కు తిప్పి, మోచెయ్యి వాని మీదికి మలిపి లాగాలె. పదేళ్ల పిల్ల ఒకతి తన ఈడు పిలగాని చేతుల నుంచి టక్కున తీసుకున్నది. అందరు చప్పట్లు కొట్టిన్రు. మొదటి చోటయితే కథ ఆడికే అయిపోయేది.

ఈయన ఆ పిల్లను దగ్గరికి పిలిచి తన చేతితోని పట్టిండు. "ఇప్పుడు తియ్యి." పిల్ల రెండుసార్లు చూసింది, మూడోసారి పండ్లు గట్టిగ కరిచి గుంజింది. రాలే. "రాదు బిడ్డా. నా అసొంటోడు గట్టిగ పడితే నీకు రాదు. గప్పుడేం చేస్తవ్?" ఎవరు మాట్లాడలే. ఎనుక వరుసల నుంచి ఒక పిలగాడు "ఒర్లుత మాస్టర్" అన్నడు. అందరు నవ్విన్రు గని ఆయన నవ్వలే. "గదే. ముందుగాల ఒర్లాలె, వాడు ఉలిక్కిపడ్డప్పుడు తియ్యాలె, ఎనుకకు చూడకుండ ఉర్కాలె." ఇగ పది నిమిషాలు ఒర్లుడు, గేటుదాక ఉర్కుడు, ఇదే పని. గోడవతల కుక్కలు గూడ అందుకున్నయ్. పిల్లను ఈడనే చేర్పియ్యాలని అప్పుడే అనుకున్న.

మీరు గూడ గదే చూడుండ్రి. ఒక పూట గాదు, రెండు పూటలు కూసోండ్రి. పిల్లలకు రానిదాన్ని 'రాలే' అంటున్నడా, తను నేర్పే పట్టు ఏడ పనిచెయ్యదో చూపెడుతున్నడా? మెడల్స్, గోడ మీది ఫొటోలు తర్వాత చూడొచ్చు.

సర్కారు బడులల్ల ఆడపిల్లలకు రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్ కింద మూడు నెలలు నేర్పిస్తరు. మా పక్కింటి పిల్ల అట్లనే నేర్చుకున్నది. ఒర్లుడు, చెయ్యి తీసుకునుడు మూడు నెలలకు వస్తయ్, అది చిన్న సంగతేం గాదు. కటాలు, అంటే ఒక వరుసల చేసే దెబ్బలు, అడుగులు, ఇగ ఫైటింగు మాత్రం ఏండ్ల పని.

ఏ స్టైల్ అని తప్పక అడగుండ్రి. మన దిక్కు ఒక్క బోర్డు మీదనే కరాటే, కుంగ్‌ఫూ, టైక్వాండో అన్ని రాసి ఉంటయ్. 'మీరు ముందుగాల నేర్చుకున్నది ఏది మాస్టర్?' అంటే అసలు సంగతి బయటపడతది. టైక్వాండో కొరియాది, కాలి దెబ్బలు ఎక్కువ. క్యోకుషిన్ కరాటేల దెబ్బ ఒంటి మీద నిజంగనే పడుతది. మా మాస్టర్‌ది షోటోకాన్, ప్రాక్టీసుల పిడికిలి ఒంటికి తాకకముందే ఆపాలె. దాన్ని నిలబెట్టిన గిచిన్ ఫునాకోషి జపాన్‌ల ఒకినావా అనే దీవిల బడిపంతులు, 1922ల టోక్యోకు పోయి కరాటే చూపెట్టిండు. షోటో అన్నది ఆయన కవిత్వానికి పెట్టుకున్న పేరు, పైన్ చెట్ల మీద గాలి అలలు అని అర్థం. మా వేపచెట్టు కింద ఆ ముచ్చట బాగనే ఉంటది. ఒలింపిక్స్ ఆశ ఏమన్న ఉంటే, టైక్వాండోకు 2000 నుంచి మెడల్స్ ఉన్నయ్. కరాటే టోక్యోల, అంటే 2021ల, ఒక్కసారే ఆడిన్రు, పారిస్‌ల లేదు.

ఇగ మీ సంగతి. నేను చేరుత అనుకోలే. రోజూ బిడ్డను దించి బండి మీద కూసుంటుంటే నెల తర్వాత ఆయనే "చెప్పులు ఇడిచి రా తమ్మీ, ఊకె కూసుంటే దోమలు కుడతయ్" అన్నడు. మొదట్ల సిగ్గయ్యింది. పక్కన నాలుగో తరగతి పిల్లలు, మధ్యల నేను 'ఓస్' అని, కరాటేల దండం పెట్టే తీరు, వంగుడు.

మొదటి కటా హేయాన్ షోదాన్. ఒకినావా బడి పిల్లల కోసం వందేండ్ల కిందనే ఇతోసు అనే గురువు కూర్చిండు. 21 కదలికలు. నడిచే తోవ ఇంగ్లిషు 'ఐ' అక్షరం లెక్క ఉంటది. ఏడ మొదలుపెడితే ఆడికే వచ్చి నిలబడాలె. మాస్టర్ నా కాళ్ల కింద ముగ్గుపిండితోని గుర్తు పెట్టిండు. చేతులన్ని మంచిగనే తిప్పిన అనుకున్న. అయిపోయినంక చూస్తే గుర్తుకు రెండడుగుల అవతల, వేపచెట్టు వేరు మీద ఉన్న. "మల్ల" అన్నడు. మల్ల అదే వేరు. మూడోసారి ఆయన నా చేతులు చూడనే లేదు, మట్టిల పడ్డ అడుగులు చూసుకుంట వంగి నడిచిండు. లేచి, "కుడి మోకాలు ఎప్పటిది తమ్మీ?" అన్నడు.

నేను ఎవరికి చెప్పలే. డిగ్రీల ఉన్నప్పుడు జడ్చర్ల కాడ బండి మీద నుంచి పడ్డ. కుడికాలు ముందుకేసి వంచాల్సిన కాడ భయానికి అడుగు పొట్టిగ పడుతుందట, ఎడమది పొడుగు పడుతుందట. నాకే తెల్వది. "రెండు దిక్కుల పొట్టిదే పెట్టు, లోతు తర్వాత సంగతి. మోకాలు, కాలివేళ్లు ఒక్క దిక్కే చూడాలె" అన్నడు. నాలుగు నెలలు నడుము పైకి కాలు ఎత్తనియ్యలే. మోకాళ్ల మీద కూసునుడుంటది, సెయ్‌జా అంటరు, మన వజ్రాసనమే. నన్ను మాత్రం బాసింపట్టు వేసుకోమన్నడు.

అందుకని 36కు చేరొచ్చు, బేఫికర్‌గ చేరుండ్రి. మోకాలో నడుమో నొస్తే ముందే చెప్పుండ్రి. నా లెక్క మట్టి చదివేదాక ఆగకుండ్రి. పిల్లలతోని పోటీకి పోయి కాలు పైకి లేపితే వారం దినాలు మెట్లు దిగరాదు, నేను చూసిన.

సర్టిఫికెట్ మీద ఎవరి సంతకం ఉంటదో, ఏ అసోసియేషనో ముందే అడగుండ్రి. రంగు బెల్టులు సంఘానికో తీరు, ఒకల్లది ఇంకొకల్లు ఒప్పుకోకపోవచ్చు. మా బిడ్డను ఈడ మల్ల వైట్ బెల్ట్ నుంచే మొదలు పెట్టించిన్రు. మొదటి టెస్టుల ఫెయిలయ్యింది గూడ. బండి మీద ఇంటిదాక ఏడ్చింది, తెల్లారి ఐదింటికి నాకంటె ముందు లేచి డ్రెస్సు తొడుక్కున్నది.

డ్రెస్సు అంటే గుర్తొచ్చింది. కాటన్‌ది అయితే ఒక సైజు పెద్దదే తీసుకోండ్రి, ఉతికితే ముడుచుకుంటది. నాది రెండు ఉతుకులకే పిక్కల దాక వచ్చింది, పిల్లలు ఇప్పటికీ నవ్వుతరు.