పక్క కాలనీకి ఇంత చుట్టు ఎందుకు?

హైదరాబాద్ సిటీలో ఇన్ని కొత్త రోడ్లు పడుతున్నా పక్క కాలనీకి వెళ్లడానికి ఇంత చుట్టు ఎందుకు తిరగాలని అడిగారు. నేను పెరిగింది కేపీహెచ్‌బీలో, ఇప్పుడు ఉంటున్నది బాచుపల్లి వైపు. తేడా రోజూ అనుభవిస్తున్నాను.

కేపీహెచ్‌బీ హౌసింగ్ బోర్డు వేసిన కాలనీ. ఒక రోడ్డు తవ్వేస్తే పక్క రోడ్డులోంచి దూరిపోయేవాళ్లం. అన్నయ్యా నేనూ చెరో దారిన బయల్దేరి, స్కూలుకి ఎవరు ముందు చేరతారో పందెం కాసుకునేవాళ్లం.

ఇప్పుడు మా బాల్కనీలోంచి కిరాణా కొట్టు బోర్డు చదవొచ్చు. మధ్యలో ఉన్నది ఒక్క గోడే. బండి మీద వెళ్తే మాత్రం రెండు కిలోమీటర్లు, అందులో ఒక యూటర్న్.

వెంచర్ వేసినాయన తన సర్వే నంబరు హద్దు వరకే రోడ్లు గీస్తాడు. పక్క పొలం ఇంకొకాయనది. ఆయన రోడ్డు వచ్చి మన గోడ దగ్గర ఆగుతుంది. కాగితం మీద రెండూ సక్రమమే. కలపడం ఎవరి పనీ కాదు. దాంతో పాల ప్యాకెట్టుకి వెళ్లేవాళ్లూ ఆఫీసుకి వెళ్లేవాళ్లూ అదే మెయిన్ రోడ్డు మీద పడతారు. (పాతబస్తీలోనూ ఎవరో గుమ్మం ముందే ముగిసే గల్లీలున్నాయి. కానీ అక్కడ బజారు నడక దూరంలోనే ఉంటుంది.) 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఎయిర్‌పోర్టుకి వెళ్లే రోజు హాయిగానే ఉంటుంది, కరివేపాకుకి పనికిరాదు.

ఒకప్పుడు మా గోడకి మనిషి దూరేంత కంత ఉండేది. చువ్వకి ఎవరిదో చీర పేలిక వేలాడుతుండేది. మా ఇంట్లో పనిచేసే అక్క అందులోంచే వచ్చేది. ఒక సైకిల్ పోయింది, అసోసియేషన్ మీటింగ్ పెట్టారు, వారంలో కంత మూసేశారు. చేయెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడామె షేర్ ఆటోలో వస్తోంది, రానూపోనూ ఖర్చు ఆమెదే. సైకిల్ దొరకలేదు.

ప్రభుత్వం లింక్ రోడ్లు వేస్తోంది, నిజమే. అయితే ఇళ్లు లేచాక అడుగు స్థలం కావాలన్నా సేకరణ, పరిహారం, కోర్టు. పొలంగా ఉన్నప్పుడు గీత కలిపితే సరిపోయేది.

ఇల్లు కొనే ఆలోచన ఉంటే ఉపగ్రహ మ్యాపులో ఆ వీధి చివర ఏముందో చూడండి. తర్వాత కొట్టు దాకా ఒకసారి నడవండి. నేను నడవలేదు, బ్రోకర్ ఏసీ కారులో తిప్పాడు.