ఆదివారం గుంట దగ్గరికి పోనన్నావంట

అబ్బయ్యా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఇకమీదట ఆదివారాలు రొయ్యల గుంట దగ్గరికి పోవంట, ఫోను కూడా తియ్యవంట, పొద్దున పాపకు ఈత నేర్పిస్తావంట, సాయంత్రం కుర్రాళ్లతో వాలీబాల్ ఆడతావంట. గుంటలో సీడు, అదే రొయ్య పిల్లల్ని, వదిలి నలభై రోజులు కాలేదు, వీడికేం పోయేకాలం, నువ్వన్నా గడ్డి పెట్టు అని వదిన ఒకటే గోల. పెడతాలే వదినా అన్నాను. ఫోను పెట్టేశాక మాత్రం నాకు నవ్వొచ్చింది. మీ తాత వరి మళ్లల్లో, మీ నాయన లారీల మీద, నేను రొయ్యల కట్టల మీద, ఎవరమూ ఒక్క ఆదివారం కూడా ఇది నాది అన్న పాపాన పోలేదు. నువ్వన్నావు. సంతోషమే, కానీ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే ఇది టైప్ చేస్తున్నా. తప్పులుంటే సర్దుకొని చదువుకో.

టైముకి తిను, టైముకి పడుకో, మంచం మీద సెల్లు చూడకు. ఇవి అందరూ చెప్పేవే, చెయ్యి.

నా భయమల్లా కరెంటు. గుంటలో ఆక్సిజన్ అన్నిటికంటే పడిపోయేది తెల్లవారుజామున అని నీకూ తెలుసు. పగలు ఎండకు ఆక్సిజన్ వదిలిన పాచే రాత్రంతా దాన్ని పీల్చేస్తుంది, మబ్బు పట్టిన రోజైతే ఇంకా ఘోరం. మా టైగర్ రొయ్య రోజుల్లో పిల్లల్ని పల్చగా వదిలేవాళ్లం కాబట్టి ఎట్లో గట్టెక్కేది. మీ వనామీ రొయ్య అట్లా కాదు గదా, చదరపు మీటరుకు 40 పిల్లలు వదిలి, కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే గంట సేపట్లో నీ ఆదివారం కాదు, నీ సంవత్సరమే పోతుంది. అందుకని శనివారం సాయంత్రమే డీజిలు నింపించు. ఆ జనరేటర్‌ని నువ్వు స్టార్ట్ చెయ్యకు, గుంట దగ్గర పనిచేసే ఆ కుర్రాడి చేత చేయించు. నువ్వు చేతులు కట్టుకొని నిలబడు, వాడు తడబడినా నోరు మూసుకో. మూడుసార్లు వాడంతట వాడు చీకట్లో చేసిన రోజు నీకు ఆదివారం వచ్చినట్టు లెక్క. అంతకుముందు నువ్వు బీచిలో ఉన్నా నీ మనసు కట్ట మీదే ఉంటుంది. రొయ్యలు మేత తిన్నాయో లేదో ఎత్తి చూసే చెక్ ట్రేలు కూడా అంతే. మేత మిగిలితే తర్వాతి మేత ఎంత తగ్గించాలో వాడికి నోటితో చెప్పి ఊరుకోకు, షెడ్డు గోడ మీద సున్నంతో రాయి. అమావాస్యకీ పౌర్ణమికీ దగ్గరగా ఆదివారం పడితే, రొయ్య పెంకు విడిచే రోజులు కాబట్టి, ఆ వారం సోమవారానికి మార్చుకో. మార్చుకో అన్నాను, మానుకో అనలేదు.

ఎందుకంటున్నానో చెప్తా. మీ పిన్నికి తప్ప ఎవరికీ తెలియని సంగతి ఇది.

94వ సంవత్సరం, చలికాలం. నాకు అయిదెకరాలు, రెండు గుంటలు. అంతకుముందు పంట బాగా వచ్చింది, అప్పు తీరింది, మీ పిన్ని చెవులకి దుద్దులు కూడా వచ్చాయి. రెండో పంట రొయ్య చేతిలో పట్టుకుంటే బరువు తెలుస్తోంది. మీ పిన్ని పెళ్లయినప్పటి నుంచీ అడిగింది ఒక్కటే, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద అటకానితిప్ప దగ్గర పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు దిగుతాయంట, నీళ్లు గులాబీ రంగులో కనిపిస్తాయంట, ఒకసారి చూపించమని. నేనేమో ఈ పంట పట్టేశాక పోదాం, ఈ పంట పట్టేశాక పోదాం. వరైనా రొయ్యయినా నా నోట్లో ఈ మాట మారలేదు. చివరికి ఒక ఆదివారం ఖాయం చేశాం. అంబాసిడర్ మాట్లాడాను. ఆమె మూడు గంటలకే లేచి పులిహోర కలిపింది, గారెలు చేసింది, తల స్నానం చేసి కనకాంబరాలు పెట్టుకొని కూర్చుంది. నేను అయిదున్నరకి, ఒక్కసారి ట్రే చూసి పావుగంటలో వస్తా అని సైకిలెక్కాను.

ఆ పావుగంట పదకొండున్నర అయింది. అక్కడ ఏమీ కాలేదురా. అదే చెప్తున్నా. ఏమన్నా అయివుంటే బాగుండేది. మేత తిన్నాయా, తిన్నాయి. నీళ్ల రంగు బాగుందా, బాగుంది. అయినా రెండో గుంట కూడా చూద్దాం, తూము దగ్గర ఎండ్రకాయ బొక్క పెట్టింది పూడ్చేద్దాం, ఆ పక్క గుంటాయన వచ్చాడు రెండు మాటలు మాట్లాడదాం, అట్లా. అంబాసిడర్ ఆయన చూసి చూసి వెళ్లిపోయాడు. మీ పిన్ని ఏడవలేదు, అరవలేదు. పులిహోర క్యారియర్‌లో పెట్టి పనివాళ్లకీ నాకూ కట్ట మీదికే పంపించింది. నేను మట్టి చేతులు కడుక్కొని, రెండు ముద్దలు తిని, ఆ తెచ్చిన పిల్లోడితో ఏమన్నానో తెలుసా? ఉప్పు తగ్గిందని చెప్పు అన్నాను. వాడు అక్షరం పోకుండా చెప్పాడు.

నెల తిరక్కముందే రొయ్యలకి వైట్ స్పాట్ రోగం వచ్చింది. అప్పుడు దాని పేరు కూడా మాకు తెలియదు. రొయ్యలు ఎర్రబడి, పెంకు మీద సున్నం చుక్కలు పడి, మేత ముట్టకుండా గట్టు వారకి వచ్చేవి. ట్రే ఎత్తితే పెట్టిన మేత పెట్టినట్టే. నేను మూడు రాత్రులు టార్చిలైటు పట్టుకొని కట్ట మీదే కూర్చున్నా. కూర్చొని చూడటం తప్ప ఏం చేశాను? జిల్లాలో కట్ట దిగని వాడి గుంటా పోయింది, పేకాటలో కూర్చున్న వాడి గుంటా పోయింది. నేను కావలి కాస్తున్నా కాబట్టి రొయ్య బతుకుతోందని అన్నాళ్లూ అనుకున్నా. అబ్బయ్యా, జనరేటర్‌కి మనిషి కావాలి, మేతకి మనిషి కావాలి, ఆ మనిషి ప్రతి రోజూ నువ్వే కానక్కర్లేదు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదేమో.

ఆ తర్వాత మీ పిన్ని ఫ్లెమింగోల మాటెత్తలేదు. ఏళ్లు గడిచాక, మోకాళ్లు పట్టేశాక, నేనే బలవంతాన తీసుకెళ్లా. పిట్టలు బాగా లోపల, ఎక్కడో తెల్లగా గీత గీసినట్టు. ఓ, ఇంత దూరంలో ఉంటాయా అంది, అంతే. తడలో టీ తాగి వచ్చేశాం.

ఇంకో సంగతి, పాపకి ఈత. ఎక్కడ నేర్పిస్తావు? మైపాడు బీచిలో అయితే నేను ఒప్పుకోను. ఆ సముద్రం చూడటానికి అమాయకంగా ఉంటుంది, కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది. ఒడ్డున గవ్వలు ఏరుకోండి, మోకాలు దాటొద్దు. మన గుంటల్లో అసలొద్దు, ఏరియేటర్‌కి కరెంటు తీగలు ఉంటాయి, నీకు చెప్పక్కర్లేదు. బోరు తొట్టి ఉంది గదా, నడుం లోతే, అందులో నేర్పు. ఎండాకాలం నీకు నేను నేర్పింది కూడా అందులోనే, సొరకాయ బుర్ర కట్టి. నీళ్లు మింగి నన్ను కొట్టావు, గుర్తుందా?

మొన్న నెల్లూరులో, కోరికలు తీరాలని రొట్టెలు మార్చుకునే రొట్టెల పండగకి బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడితే ఒకాయన ఉద్యోగం రొట్టె అంటాడు, ఒకామె పెళ్లి రొట్టె, ఇంకొకరు ఇల్లు రొట్టె, ఆరోగ్యం రొట్టె. తీరిక రొట్టె ఎవరి దగ్గరా కనబడలేదు. నేను కూడా అడగలేదులే, నాకిప్పుడు తీరికే తీరిక, దాన్ని ఏం చేసుకోవాలో తెలియదు. మైపాడు పోయినా అలలు చూడను, రోడ్డు పక్క గుంటల్లో ఏ ఏరియేటర్ ఫ్యాను ఆగిందా అని లెక్కపెడుతుంటా. వాలీబాల్ మానకు. నేను ఊళ్లో నాటకాలకి హార్మోనియం వాయించేవాణ్ణంటే నీ పాప నమ్మదు. ఆ పెట్టె అటక మీదే ఉంది, ఎలుకలు కొరికేశాయి.

ఈ వచ్చే ఆదివారం నీ గుంట దగ్గర నేను కూర్చుంటా, నువ్వు పాపని తీసుకొని హాయిగా పో అని రాద్దామనుకున్నా. మీ పిన్ని భుజం మీద నుంచి చదివి, మళ్లీ కట్టెక్కుతావా, ఆ కుర్రాడికే వదిలెయ్యమను అంది. కాబట్టి మీరందరూ ఇక్కడికే రండి, మామిడికాయ వేసి కొరమీను పులుసు పెడుతుందంట. పులిహోర కూడా చేస్తుందంట. ఉప్పు మాత్రం ఈసారి ముందే నన్ను చూసి చెప్పమంటోంది.

మీ చిన్నాయన