గెయిన్స్‌బరో గీసిన ‘నీలి దుస్తుల్లో స్త్రీ’ ఎవరు? పేరెందుకు తెలియదు?

ఖాయంగా ఎవరూ చెప్పలేరు. ఇంగ్లండ్ చిత్రకారుడు థామస్ గెయిన్స్‌బరో 1770ల చివర్లోనో 1780ల మొదట్లోనో గీసిన ఈ చిత్రం ఇప్పుడు రష్యాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. 1912లో అలెక్సీ ఖిత్రోవో అనే కళాఖండాల సేకరణకర్త వీలునామా ద్వారా అక్కడికి చేరింది. ఈమె బోఫర్ట్ డచెస్ (అంటే బోఫర్ట్ డ్యూక్ అనే ప్రభువు భార్య) అని ఒకప్పుడు అనుకున్నారు గానీ గట్టి ఆధారం దొరకలేదు.

పేరు పోవడం వింతేమీ కాదు. అప్పట్లో ఇలాంటివి ఇంట్లో వేలాడదీసుకోవడానికే గీయించుకునేవారు. చూసేవాళ్లందరికీ ఆమె ఎవరో తెలుసు, ఇక పేరు రాయడం దేనికి? రెండు తరాలు గడిచి, ఆస్తులు పంచుకుని, బొమ్మ అమ్ముడుపోయి దేశం దాటితే చెప్పేవాళ్లే ఉండరు. ఆడవాళ్ల విషయంలో ఇంకో చిక్కు: పెళ్లితో ఇంటిపేరు మారడం వల్ల పాత కాగితాల్లో వెతకడమూ కష్టమే.

కాలాన్ని మాత్రం వేషమే పట్టిస్తుంది. పౌడర్ అద్ది ఎత్తుగా కట్టిన జుట్టు, దానిపై ఈకల టోపీ ఆ రోజుల ఫ్యాషన్. అయితే ఫ్యాషన్ దశాబ్దాన్ని చెబుతుందే తప్ప మనిషిని కాదు. పోలికలను నమ్మి పేరు పెట్టేయడం నా దృష్టిలో మరీ ప్రమాదం. గెయిన్స్‌బరో కుంచె కింద చాలామంది దొరసానులు అక్కచెల్లెళ్లలాగే కనిపిస్తారు.