చెరువు గట్ల మీద రోజూ వాడే ఛార్జింగ్ లైటు: ముందు సెల్లు చూడండి, తర్వాతే వెలుతురు

మీకు ముమ్మిడివరం దగ్గర రొయ్యల చెరువుల మీద రాత్రి డ్యూటీ అని, సాయంత్రం నుంచి తెల్లారేదాకా లైటు చేతిలోనే ఉంటుందని, ఏడాది తిరక్కుండా మూడోది కూడా పాడైందని రాశారు. రెండు వేల లోపు గట్టిది ఏదో చెప్పమన్నారు. నాదీ అదే పనండి. మొగల్తూరు వైపు ఉప్పునీటి చెరువుల మీద గుమస్తాగా చాలా ఏళ్లుగా రాత్రుళ్లు గట్లు తిరుగుతున్నాను. మా షెడ్డులో కుర్రాళ్లు పాడైందని పక్కన పెట్టిన లైట్లు విప్పి చూడటం నాకు అలవాటు. వాటిలో ఎల్‌ఈడీ కాలిపోయినది చాలా అరుదు. పోయేవి సెల్లు, ఛార్జింగ్ పెట్టే రంధ్రం, స్విచ్చి. ఈ మూడూ పాడైతే మనంతట మనం మార్చుకోగలమా లేదా అన్నది చూసి కొనండి. మీ ప్రశ్నకి నా జవాబు ముఖ్యంగా ఇదే, మిగతాదంతా దీని వివరం.

మూడింటిలో సెల్లుది పెద్ద కథ. మూత తిప్పితే సెల్లు బయటికి వచ్చే లైటే తీసుకోండి. లోపల అతికించేసిన బ్యాటరీ ఉన్నవి ఎంత బాగున్నా మన వాడకానికి పనికిరావు. రోజూ ఛార్జింగ్ పెట్టే లిథియం సెల్లు ఏడాదిన్నర, రెండేళ్లకి నీరసించడం మామూలే. అప్పుడు సెల్లు మార్చుకుంటే లైటు మళ్లీ కొత్తదే. అతికించినదైతే మొత్తం పారేయాలి. సెల్లుల్లో 18650, 21700 అని రెండు సైజులు ఎక్కువగా దొరుకుతాయి. మొదటిది 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు. రెండోది 21 లావు, 70 పొడవు. ఆ అంకెల అర్థం అదే. ఏ కంపెనీ సెల్లయినా దాదాపు అదే కొలత కాబట్టి ఒక కంపెనీ దుకాణం మూసేసినా మనకి ఇబ్బంది లేదు. కొన్ని కంపెనీలు మాత్రం తమ లైటుకి తమ సెల్లే పట్టేలా చేస్తాయి. ప్లస్సు, మైనస్సు రెండూ ఒకే వైపు ఉంటే అలాంటిదని గుర్తు. అది వద్దు.

సెల్లు మీద వేసే అంకెల్లో మోసం చాలా ఉంది. ఎంఏహెచ్ అంటే సెల్లులో ఎంత ఛార్జింగ్ పడుతుందో చెప్పే కొలత. 18650 సైజులో నిజంగా పట్టేది సుమారు 3500 ఎంఏహెచ్, మహా అయితే 4000. 9900 అని, 12000 అని అట్ట మీద కనిపిస్తే ఆ కొట్లో ఇంకేదీ కొనకండి. అనుమానం ఉంటే సెల్లుని కాటా మీద పెట్టండి. అసలైన 18650 సెల్లు 45 గ్రాములకి అటూ ఇటూ తూగుతుంది. 30 గ్రాములు కూడా లేదంటే లోపల సరుకు లేనట్టే.

పెద్ద పిడితో, సూట్‌కేసులా ఉండే లైట్లలో ఇప్పటికీ కొన్నింటికి లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేస్తే లోపలి పలకలకి సల్ఫేటు పట్టి చచ్చిపోతుంది. మన దగ్గర రొయ్యల పట్టుబడి అయ్యాక చెరువు ఎండగడతాం, నెలా రెండు నెలలు లైటుతో పని ఉండదు. మళ్లీ పిల్ల వేసే సమయానికి తీస్తే వెలగదు. మన పనికి లిథియమే మేలు. దాన్ని మాత్రం పని లేని రోజుల్లో సగం ఛార్జింగుతో నీడన పెట్టాలి. పూర్తిగా నింపిగానీ, పూర్తిగా ఖాళీ చేసిగానీ ఉంచకూడదు. మే నెలలో రేకుల షెడ్డు పైకప్పు కింద, బండి డిక్కీలో అసలు వద్దు. లిథియం సెల్లుకి వేడిని మించిన శత్రువు లేదు.

ఇప్పుడు వెలుతురు. బాక్సు మీద ల్యూమెన్లు (వెలుతురు కొలత) చూసి మోసపోకుండా ఒక చిన్న లెక్క చెబుతాను. 3000 ఎంఏహెచ్ సెల్లుని 3.6 వోల్టులతో గుణిస్తే దాదాపు 11 వాట్ అవర్లు వస్తాయి. మంచి లైటు ఒక వాట్‌కి సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుంది. అంటే ఆ సెల్లులో మొత్తం ఉన్నది వెయ్యీ చిల్లర ల్యూమెన్ గంటలు. వెయ్యి ల్యూమెన్ల మీద వాడితే గంటలో అయిపోతుంది, వంద మీద వాడితే పది గంటలు వస్తుంది. 5000 ఎంఏహెచ్ ఉన్న 21700 అయితే ఒకటిన్నర రెట్లకి పైగా. ఈ లెక్క తెలిశాక, అరచేతిలో పట్టే లైటు పదివేల ల్యూమెన్లతో పది గంటలు వెలుగుతుందని ఎవరు చెప్పినా మీకే నవ్వొస్తుంది. పదివేల ల్యూమెన్లకి వంద వాట్లు కావాలి, అంత వేడి చేతిలో పట్టుకోలేం కూడా.

మనకి అసలు పని తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య. రాత్రంతా నాచూ రొయ్యా కలిసి ఆక్సిజన్ వాడేస్తాయి, ఎండ లేదు కాబట్టి నాచు తిరిగి ఇవ్వదు. అందుకే డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, సూర్యోదయానికి ముందే బాగా పడిపోతుంది. రొయ్య గట్టు వారకి వచ్చేసిందా, నీటికి గాలి కలిపే ఏరియేటర్లన్నీ తిరుగుతున్నాయా అని చూసుకోవాల్సింది అప్పుడే. సాయంత్రం ఏడింటికి కళ్లు చెదిరేలా వెలిగి, నాలుగింటికి మసకబారిపోయే లైటు మనకెందుకండి? మంచి కంపెనీలు ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1 అనే అమెరికా ప్రమాణం ప్రకారం సమయం రాస్తాయి. ఆ ప్రమాణంలో కూడా ‘8 గంటలు’ అంటే వెలుతురు మొదట్లో ఉన్నదానిలో పదో వంతుకి పడిపోయేదాకా అని అర్థం. కాబట్టి అట్ట మీది గంటలని ఎక్కువ మోడ్‌లో చూడకండి, మధ్య మోడ్‌లో చూడండి. 100 నుంచి 200 ల్యూమెన్ల మధ్య ఎంతసేపు నిలకడగా ఇస్తుందో అదే మన పని మోడ్. గట్టు మీద నడకకి అంతే చాలు. దూరంగా ఏరియేటరు చూడాలన్నప్పుడు మాత్రం ఎక్కువ మోడ్ ఓ నిమిషం వేసి ఆపేయాలి.

దూరం మాటకొస్తే, ఎకరం చెరువు నలుచదరంగా ఉంటే ఒక వైపు సుమారు 64 మీటర్లు. రెండెకరాలైతే 90. ఇదే ప్రమాణంలో ‘200 మీటర్లు’ అంటే అంత దూరంలో పున్నమి వెన్నెలంత వెలుతురు, 0.25 లక్సు, పడుతుందని. సగం దూరంలో దానికి నాలుగు రెట్లు. అంటే 200 మీటర్లదైతే మన చెరువు అవతలి గట్టు మీద ఏముందో స్పష్టంగా తెలుస్తుంది. కిలోమీటరు కొట్టే లైట్లు మన పనికి అక్కర్లేదు. వాటి వెలుతురు సన్నగా ఒకచోటే పడుతుంది, కాళ్ల దగ్గర చీకటిగా ఉంటుంది. పంపు పైపుల దగ్గర, మేత బస్తాల దగ్గర ఎలకలుంటాయి, వాటి కోసం పాములొస్తాయి. కట్లపాము తిరిగేది రాత్రిపూటే. కాళ్ల ముందు రెండడుగులు వెడల్పుగా వెలుతురు పడాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. కొత్తగా చేరిన కుర్రాడికి ముందు గమ్‌బూట్లు, తర్వాత లైటు ఇప్పిస్తాను.

రంగు కూడా చూడండి. నీలం కలిసిన తెల్లని వెలుతురులో చెక్ ట్రేలో (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెంలో) రొయ్య పేగు రంగు సరిగా తెలియదు. వైట్ గట్ (పేగు తెల్లబడే జబ్బు) మొదలవుతోందా, మేత తిని పేగు నిండుగా ఉందా అని చేతిలోకి తీసుకుని చూసేటప్పుడు వెలుతురు రంగు 5000 కెల్విన్ లేదా అంతకన్నా తక్కువ ఉన్న లైటు మేలు. ఆ అంకె తగ్గేకొద్దీ నీలం తగ్గుతుంది. సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90కి పైన అని రాసి ఉంటే ఇంకా మంచిది. దానికి వెలుతురు కొంచెం తగ్గుతుంది, ఫరవాలేదు.

మీ మూడు లైట్లూ ఎందుకు పోయాయో చూడకుండా చెప్పలేనుగానీ, ఉప్పుగాలి మీదే నా అనుమానం. ఐపీఎక్స్ 4 అంటే చినుకులు, చిమ్మిన నీళ్లు తట్టుకుంటుంది, అంతే. ఐపీ 67 అంటే మీటరు లోతులో అరగంట ఉన్నా నీరు చేరదు, దుమ్ము కూడా పోదు. కనీసం అది ఉండాలి. కానీ ఆ పరీక్ష చేసేది మంచినీటిలో, కొత్త లైటుతో. ఉప్పునీటి సంగతి అందులో లేదు. ముందుకీ వెనక్కీ లాగితే వెలుతురు మారే జూమ్ లైట్లు అసలు వద్దు. లాగినప్పుడల్లా లోపలికి గాలీ, దాంతోపాటు తేమా పోతాయి.

ఛార్జింగ్ రంధ్రానికి రబ్బరు మూత ఉన్నవి కొన్నాళ్లకి సరిగా మూసుకోవు. ఆ రబ్బరు సాగిపోతుంది. తడి చేత్తో తెరిచి కేబులు పెడితే లోపలి రాగికి చిలుము పడుతుంది. అందుకని నేను లైటులో ఛార్జింగ్ పెట్టను. సెల్లు బయటికి తీసి, విడిగా దొరికే ఛార్జరులో షెడ్డు లోపల పెడతాను. 4.2 వోల్టులకి వచ్చాక తనంతట తాను ఆగే ఛార్జరు కావాలి. రెండు సెల్లులు ఉంచుకుంటే ఒకటి లైటులో, ఒకటి ఛార్జరులో. కరెంటు పోయినా, జనరేటరు ఆలస్యమైనా టెన్షన్ ఉండదు. అదనపు సెల్లుని మాత్రం తాళాలూ చిల్లరా ఉన్న జేబులో వేయకండి, షార్టయితే మంట లేస్తుంది. ప్లాస్టిక్ డబ్బీలో పెట్టుకోవాలి.

లైటులోనే పెట్టుకుంటానంటే టైప్-సి ఉన్నది చూడండి. అందులోనూ ఒక తిరకాసు ఉంది. చౌక లైట్లలో రెండు చిన్న రెసిస్టర్లు పెట్టకుండా ఖర్చు మిగుల్చుకుంటారు. అప్పుడు రెండు వైపులా టైప్-సి ఉన్న కేబులుతో ఛార్జింగ్ ఎక్కదు, పాత చదునైన యూఎస్‌బీ కేబులుతోనే ఎక్కుతుంది. కొట్లోనే మీ ఫోను కేబులు పెట్టి చూసేయండి.

మూత దగ్గరి రబ్బరు రింగుకి నెలకోసారి సిలికాన్ గ్రీజు కొంచెం రాయాలి. మరలు గుడ్డతో తుడవాలి. చెరువులో పడితే వెంటనే ఆపి, సెల్లు తీసి, లైటుని మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెట్టండి. ఉప్పునీరు తగిలిన సెల్లుని మళ్లీ ఛార్జింగ్ పెట్టకండి, పోతే పోయింది.

స్విచ్చి విషయంలో వెనకవైపు గట్టిగా నొక్కేది నాకు నచ్చుతుంది. బురద చేతులతోనూ పని చేస్తుంది. ముఖ్యంగా, కిందటిసారి ఎంత వెలుతురులో ఆపామో అంతలోనే వెలిగేది కావాలి. నొక్కినప్పుడల్లా మిణుకు మిణుకుమనే మోడ్ వచ్చే లైటుతో చెరువు దగ్గరకి వెళ్తే వనామి రొయ్య బెదిరి ఎగురుతుంది.

ఒళ్లు లోహమా ప్లాస్టికా అంటే, మోటార్ల స్టార్టరు డబ్బాలు తెరిచే పని మీకు ఉంటే గట్టి ప్లాస్టిక్ ఒళ్లున్నది తీసుకోండి. తడి చేతిలో అల్యూమినియం లైటుతో త్రీఫేజు డబ్బాలో చూడటం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే. ఎలాగైనా మెయిన్ ఆపి, టెస్టరుతో చూశాకే చెయ్యి పెట్టండి.

తలకి కట్టుకునే లైటు సరిపోతుందా అనీ అడిగారు. వల సర్దడానికి, మోటారు బిగించడానికి చాలా బాగుంటుంది. నడకకి మాత్రం వద్దంటాను. వర్షాకాలంలో పురుగులన్నీ మొహం మీదకే వస్తాయి. ధనుర్మాసంలో మంచు కమ్మినప్పుడు కళ్ల దగ్గరి నుంచి వెళ్లే వెలుతురు మంచుకి తగిలి కళ్లలోకే తిరిగొస్తుంది. చేతిలో నడుము కంటే కిందకి పట్టుకున్న లైటైతే దారి కనిపిస్తుంది.

ఇంకొకటి. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమ వాళ్లని అడగండి, కరెంటు ఎన్నాళ్లకి వచ్చిందో చెబుతారు. ఛార్జింగ్ లైటు ఎంత మంచిదైనా, కిరాణా కొట్లో దొరికే పెన్సిల్ సెల్లులతో వెలిగే చిన్నది ఒకటి షెడ్డులో ఉండాలి. సెల్లులు విడిగా, పొడిగా పెట్టండి. లోపలే వదిలేస్తే కారి లైటు తినేస్తాయి.

మీ రెండు వేలలో సెల్లు మారే 18650 లైటు, విడిగా ఛార్జరు, అదనంగా ఒక సెల్లు వచ్చే అవకాశం ఉంది. 21700 లైటు కావాలంటే డబ్బు కొంచెం పెరగొచ్చు. మూడింటికీ సరిపోకపోతే లైటు ధర తగ్గించండి, సెల్లు ధర తగ్గించకండి. భీమవరంలోనో అమలాపురంలోనో కొట్టుకి వెళ్తే మూత విప్పించి సెల్లు మీది పేరు, లోపలి రబ్బరు రింగు చూడండి. అదనపు రింగు ఒకటి అడిగి తీసుకోండి. బిల్లు లేకుండా వారంటీ ఇస్తానంటే ఇంకో కొట్టుకి వెళ్లండి. ఆన్‌లైన్‌లో కొంటే మొదటి రాత్రే మధ్య మోడ్‌లో తెల్లారేదాకా వెలిగించి చూసి, తేడా ఉంటే గడువులోపే వెనక్కి పంపేయండి. పాత మూడు లైట్లలో ఒకటి విప్పి, సెల్లూ ఛార్జింగ్ రంధ్రమూ కనిపించేలా ఫోటో పెడితే దేనివల్ల పోయిందో చూసి చెబుతాను.