ఆషాఢం సేల్‌లో మాల్దీవులు

ప్రశ్న: నమస్తే సార్. మాది కూకట్‌పల్లి. నాకు 42 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. నా భార్య స్కూల్ టీచర్. పాప తొమ్మిదో తరగతి, బాబు మూడో తరగతి. ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 1.65 లక్షలు చేతికొస్తాయి. హోమ్ లోన్ ఈఎంఐ 46 వేలు, చిట్టీ 12,500, ఇంటి ఖర్చులు, ఫీజులు పోను 25 వేల దాకా మిగులుతాయి. అత్యవసరానికి 2 లక్షల ఎఫ్‌డీ ఉంది. అక్టోబర్‌లో 90 వేలు బోనస్ వస్తుంది. ఆగస్టులో మా 15వ పెళ్లిరోజు. నలుగురికీ మాల్దీవుల ప్యాకేజీ, నాలుగు రాత్రులు, విమానం టికెట్లతో కలిపి 2.8 లక్షలకు ఇస్తానని అమీర్‌పేటలో ఒక ట్రావెల్ ఏజెంటు అంటున్నాడు. అదే రిసార్టు జనవరిలో అయితే 3.9 లక్షలట. 1.1 లక్షలు మిగులుతాయి కదా అని, పాప ఇంటర్ ఫీజు కోసం వేస్తున్న 5 లక్షల చిట్టీ (40 నెలలు, 16 అయ్యాయి) ఇప్పుడే పాడేద్దామనుకుంటున్నాను. లక్ష తగ్గించుకుంటే పాట నాకే వస్తుందంటున్నారు. ఏజెంటుకు 10 వేలు అడ్వాన్సు కూడా ఇచ్చేశాను. ఇది మంచి నిర్ణయమేనా?

జవాబు:

శ్రావణంలో పెళ్లి చేసుకున్నవాళ్లందరిదీ ఇదే తిప్పలండీ. ముహూర్తం పెట్టిన పంతులుగారు జాతకాలు చూశారు గానీ, పదిహేనేళ్ల తర్వాత మీరు బీచ్‌కి బయల్దేరతారని చూడలేదు కదా! ముందు మీ పెళ్లిరోజుకు శుభాకాంక్షలు. ఇక లెక్కలోకి వద్దాం.

ఆషాఢం సేల్‌లో చీర కొంటే చీర అదే, ధర ఒక్కటే తగ్గుతుంది. ఆగస్టులో మాల్దీవుల మీద ఇచ్చే డిస్కౌంట్ అలాంటిది కాదు. ధరతో పాటు సరుకు కూడా మారిపోతుంది. అక్కడ ఏడాది రెండు గాలుల మధ్య నడుస్తుంది. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్య గాలి, దాన్ని వాళ్లు ఇరువై అంటారు. అప్పుడు ఆకాశం తేటగా, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. మే నుంచి అక్టోబర్, నవంబర్ దాకా నైరుతి గాలి. జూన్‌లో మన హైదరాబాద్‌కి మబ్బుల్ని తోలుకొచ్చేది కూడా ఆ నైరుతే. మీరు ఇక్కడి వాన నుంచి తప్పించుకోవడానికి అదే వాన పుట్టే దారిలోకి డబ్బు కట్టి వెళ్తున్నారన్నమాట.

అలాగని అక్కడ ఆగస్టంతా ముసురు పట్టి ఉంటుందని కాదు. గంటసేపు కుండపోతగా కురిసి, మళ్లీ ఎండ కాసే రోజులూ ఉంటాయి. కానీ అల పెద్దదవుతుంది, గాలి హోరెత్తుతుంది, స్నార్కెలింగ్‌కి దిగితే నీళ్లు మసగ్గా ఉంటాయి. సీప్లేన్లు ఎలాగూ పగటిపూటే ఎగురుతాయి, వాతావరణం బాగోకపోతే ఆగిపోతాయి. స్పీడ్‌బోటు ఎక్కితే మీ మూడో తరగతి బాబు కడుపులో ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ 1.1 లక్షల సంగతి. నాలుగు రాత్రులంటే వెళ్లే రోజు, వచ్చే రోజు పోగా మీకు దక్కే పూర్తి రోజులు మూడే. జనవరి ధరని మూడుతో భాగిస్తే రోజుకు 1.3 లక్షలు. ఆగస్టు ధరని మూడుతో భాగిస్తే 93 వేలు. ఆ మూడింట్లో ఒక్కరోజు వానకి పోయిందనుకోండి, మిగిలిన రెండు రోజుల ధర తలా 1.4 లక్షలవుతుంది. అంటే ఒక్క ముసురు రోజుతో మీ డిస్కౌంట్ మొత్తం హరించుకుపోయి, జనవరి కంటే ఎక్కువ పెట్టినట్టవుతుంది. ఇద్దరే వెళ్లే జంటలకు గదిలో కూర్చుని వాన చూసినా బాగానే ఉంటుందేమో. ఇద్దరు పిల్లలతో, పైగా ఒకే గదిలో, టీవీ రిమోట్ కోసం కొట్లాటలు వింటూ గడపడానికి రోజుకు 93 వేలు ఎక్కువ. మంటా రేలనే పెద్ద చేపల్ని చూడాలనుకునే వాళ్లకి మాత్రం అక్కడ వానాకాలమే అసలు సీజన్, బా అటాల్‌లోని హనిఫారు బే దగ్గరికి అవి గుంపులుగా వచ్చేది అప్పుడే. మీ ఉత్తరంలో ఆ ఊసు లేదు కాబట్టి మీరు ఆ బాపతు కాదనుకుంటున్నాను.

ఏజెంటు కోట్‌లో లేని ఖర్చులు కొన్ని ఉంటాయి. 2025 జనవరి నుంచి మాల్దీవుల రిసార్టుల్లో గ్రీన్ ట్యాక్స్ మనిషికి రోజుకు 12 డాలర్లు. పిల్లలకి మినహాయింపు రెండేళ్ల లోపు వాళ్లకే. నలుగురికి నాలుగు రాత్రులకి 192 డాలర్లు, డాలర్ 90 రూపాయలనుకుంటే 17 వేల పైచిలుకు. మీ ప్యాకేజీలో ఇది కలిసిందో లేదో రాయించుకోండి. అక్కడ తినే ప్రతిదాని మీదా 10 శాతం సర్వీస్ చార్జీ, దాని పైన 17 శాతం టూరిజం జీఎస్టీ పడుతుంది. మెనూలో 100 డాలర్లని ఉంటే బిల్లు 128 దాటుతుంది. ఇక విదేశీ ప్యాకేజీ కొన్నప్పుడు ఏజెంటు వసూలు చేసే టీసీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) పోయే డబ్బేమీ కాదు. అది మీ పాన్ మీద నమోదై, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది. కాకపోతే అప్పటిదాకా ఆ మొత్తం మీ చేతిలో ఉండదు. దాని రేటు ఈ మధ్య బడ్జెట్లలో మారుతూ వచ్చింది, కాబట్టి ఇప్పుడు ఎంత పట్టుకుంటున్నాడో అదీ రాయించుకోండి.

నన్ను నిజంగా కంగారు పెట్టింది మాత్రం మాల్దీవులు కాదు, చిట్టీ.

5 లక్షల చిట్టీని లక్ష తగ్గించుకుని పాడితే చేతికొచ్చేది 4 లక్షలు. వదిలేసిన ఆ లక్షలో కంపెనీ కమిషన్ పోను మిగిలింది 40 మందికీ డివిడెండ్‌గా పంచుతారు. 2019లో చట్టం సవరించాక ఆ కమిషన్ 7 శాతం దాకా తీసుకోవచ్చు. అది 5 శాతమే అనుకున్నా మీ వాటాకొచ్చేది రెండు వేల లోపు. అంటే ఈ పాటకి మీరు కట్టే ధర దాదాపు 98 వేలు. ప్యాకేజీలో మిగిలిందనుకున్న 1.1 లక్షల పక్కన ఈ 98 వేలు పెట్టి చూడండి. కుడి చేత్తో తీసుకుని ఎడమ చేత్తో ఇచ్చేస్తున్నారు. పైగా పాట వచ్చాక డబ్బు చేతికివ్వాలంటే జామీన్లు అడుగుతారు, బంధువులో కొలీగో వచ్చి సంతకాలు పెట్టాలి. బీచ్‌కి పోవడానికి బావగారిని జామీను అడగడం మీకూ ఇబ్బందే, ఆయనకీ ఇబ్బందే. మిగిలిన 24 నెలలూ కట్టుకుంటూ పోతే చిట్టీ పూర్తయ్యే సమయానికి పాప ఇంటర్‌లో చేరుతుంది. అంత చక్కగా కుదిరిన చిట్టీని కదిలించకండి. చివరి నెలల్లో పాట దాదాపు కమిషన్ దగ్గరికి దిగిపోతుంది, మీకు పూర్తి మొత్తానికి దగ్గరగా వస్తుంది.

ఎఫ్‌డీ కూడా వద్దు. మీ ఖర్చులకి 2 లక్షలంటే నెలన్నర కూడా రాదు. నిజానికి అది పెరగాలి, ఆ మాట ఇంకోసారి మాట్లాడుకుందాం.

మరి ఎక్కడికి వెళ్లాలి? ముందు ద్వీపం ఎంచుకుని తర్వాత తేదీ వెతుక్కుంటున్నారు చాలామంది. పిల్లలున్నవాళ్లకి తేదీలు స్కూలే ఇస్తుంది. అవి మూడే: ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా వేసవి, దసరా, సంక్రాంతి. ఆ తేదీల్లో ఎక్కడ పొడిగా ఉంటుందో చూసుకోవాలి.

వేసవి సెలవులకి భూమధ్యరేఖ దాటి వెళ్లడం మంచిది. బాలిలో ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా పొడి కాలం. మారిషస్‌లో తుఫాన్ల కాలం నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా, మే వస్తే చల్లబడి హాయిగా ఉంటుంది, మనకి వీసా గొడవ కూడా లేదు. పెళ్లిరోజుకే వెళ్లాలని పట్టుబడితే ఆగస్టులో బాలి నయం. కానీ అక్కడ వీసా ఆన్ అరైవల్‌కి మనిషికి 5 లక్షల ఇండోనేషియా రుపయాలు, బాలి లెవీ అనే పర్యాటక పన్ను ఇంకో లక్షా యాభై వేలు. అంకెలు చూసి భయపడకండి, నలుగురికీ కలిపి మన డబ్బులో 14 వేల దాకా అవుతుంది. అయితే ఆగస్టు అక్కడ గిరాకీ నెల కాబట్టి మీకు డిస్కౌంట్ ఎవరూ ఇవ్వరు. డబ్బు సిద్ధంగా లేదు కాబట్టి ఈసారికి దాన్ని పక్కన పెడదాం.

దసరాకి అండమాన్ వెళ్దామంటారు చాలామంది. నేను వద్దంటాను, సొంత అనుభవంతో. కొన్నేళ్ల కిందట చవగ్గా వచ్చిందని అక్టోబర్‌లో వెళ్లి, ఫెర్రీలు ఆగిపోయి, హావ్‌లాక్‌లో రెండు రోజులు క్యారమ్స్ ఆడి, తిరుగు విమానం తప్పిపోయి, కొత్త టికెట్లు కొనుక్కుని వచ్చాం. మిగిల్చింది 30 వేలు, పెట్టింది 52 వేలు. నైరుతి వెనక్కి తగ్గేలోపే ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుఫాన్ల భయం. 2016 డిసెంబర్‌లో హావ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే నేవీ ఓడలు వెళ్లి తీసుకొచ్చాయి. వేసవిలో వెళ్తానంటే మే మొదట్లోనే వెళ్లి వచ్చేయాలి. మామూలుగా మే మూడో వారానికి రుతుపవనాలు అండమాన్‌ని తాకుతాయి, 2025లో అయితే 13వ తేదీకే వచ్చేశాయి.

ఇక సంక్రాంతి. ప్రపంచం మొత్తం క్రిస్మస్‌కీ, న్యూ ఇయర్‌కీ ద్వీపాల మీద పడుతుంది. ఆ రద్దీ జనవరి మొదటి వారం దాటేసరికి దిగుతుంది. చైనా వాళ్ల కొత్త సంవత్సరం రావడానికి ఇంకా టైముంటుంది. ఆ సందులో మన పండగ పడుతుంది. అండమాన్, మాల్దీవులు, ఫుకెట్, శ్రీలంక దక్షిణ తీరం అన్నీ అప్పుడు పొడిగానే ఉంటాయి. మన వాళ్లంతా విజయవాడ, రాజమండ్రి బస్సుల కోసం కొట్టుకుంటుంటే మీరు శంషాబాద్ దారి పట్టొచ్చు. అత్తగారు ఏమనుకుంటారో అంటారా? మీరు కొత్త అల్లుడేం కాదు కదా, పదిహేనేళ్లయింది. వచ్చే ఏడాది పాపకి పదో తరగతి, సంక్రాంతి సెలవుల్లో కూడా స్టడీ అవర్సే ఉంటాయి. అందుకే ఈ సంక్రాంతి మీకు విలువైనది.

ఈ జూన్ నుంచి డిసెంబర్ దాకా నెలకు 25 వేల చొప్పున ఏడు నెలలకి 1.75 లక్షలు. బోనస్ 90 వేలు. మొత్తం 2.65 లక్షలు, అప్పు లేకుండా. దీనికి ఆ రిసార్టు అందదు, అండమాన్ సుఖంగా అందుతుంది. విదేశమే కావాలని ఇంట్లో పట్టుబడితే మాల్దీవుల్లోనే స్థానికులుండే దీవుల్లో గెస్ట్‌హౌస్‌లు చూడండి, 50 గదులు దాటని చోట గ్రీన్ ట్యాక్స్ కూడా 6 డాలర్లే. నా ఓటు మాత్రం అండమాన్‌కి. దానికి ఇంకో లాభం ఉంది. మీరు పాత పన్ను విధానంలో ఉండి, జీతంలో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఉంటే, విమాన చార్జీలకి మినహాయింపు వస్తుంది. ఎకానమీ టికెట్ల వరకే, హోటల్‌కీ తిండికీ కాదు, నాలుగేళ్ల బ్లాకులో రెండుసార్లు. విదేశీ ప్రయాణానికి ఇది వర్తించదు. 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకి 40 వేల ఎల్‌టీఏ మీద సెస్‌తో కలిపి 12,480 మిగులుతుంది. బోర్డింగ్ పాసులు పారేయకండి. కొత్త విధానంలో ఉంటే ఈ పేరా మర్చిపోండి.

ఆ 25 వేలని జీతం పడిన మర్నాడే వేరే ఖాతాలోకి పంపేయండి. ఆర్‌డీ అయినా సరే, మిగులు డబ్బు దానంతటదే ఎఫ్‌డీలోకి మళ్లే స్వీప్ సౌకర్యం ఉన్న పొదుపు ఖాతా అయినా సరే. ఏడు నెలలకి వడ్డీ నాలుగు వేల లోపే, దాని కోసం షేర్లూ ఈక్విటీ ఫండ్లూ అంటూ టెన్షన్ పడొద్దు. విమానం టికెట్లు ఆగస్టు, సెప్టెంబర్ లోపు కొనేయండి, మొదటి మూడు నెలల పొదుపు వాటికే. ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్ బ్లెయిర్‌కి హైదరాబాద్ నుంచి నేరుగా విమానం దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. హోటల్ మాత్రం ఉచితంగా రద్దు చేసుకునే రకమే బుక్ చేయండి. అది కొంచెం ఎక్కువే, ఆ తేడానే మీ అసలు వాతావరణ బీమా. ఎందుకంటే ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్లు వాన కురిసిందని డబ్బివ్వరు. పాలసీలో రాసిన కారణాలకే ఇస్తారు, తుఫాన్‌కి పేరు పెట్టేశాక కొంటే దాని నష్టానికి పనికిరాదు. తిరుగు విమానానికి ముందు రాత్రి తప్పకుండా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి, నాకు 52 వేలు ఖర్చయి వచ్చిన జ్ఞానం ఇది. ఇంకోటి, జనవరిలో అక్కడ ఐదున్నర లోపే సూర్యుడు దిగిపోతాడు. రాధానగర్ బీచ్‌కి మధ్యాహ్నం మూడున్నరకల్లా చేరుకోవాలి.

ఏజెంటుకిచ్చిన 10 వేల గురించి చివరిది. రసీదు వెనక రద్దు నిబంధనలేమున్నాయో చదవండి. తిరిగి ఇవ్వనంటే జనవరి అండమాన్ బుకింగ్‌లో జమ చేయమని అడగండి, ఎక్కువమంది దానికి ఒప్పుకుంటారు, గిరాకీ పోగొట్టుకోవడం వాళ్లకీ ఇష్టం ఉండదు. రెండిటికీ కాదంటే ఆ 10 వేలు వదిలేయండి. దాన్ని కాపాడుకోవడానికి ఇంకో 2.7 లక్షలు కట్టక్కర్లేదు. ఆగస్టులో పెళ్లిరోజున ఆవిడకి మంచి చీర కొనిపెట్టండి. ఆషాఢం సేల్‌లో కొంటే ఇంకా మంచిది, అక్కడ డిస్కౌంట్ నిజంగానే డిస్కౌంట్.