శ్రీకాకుళంలో కొత్త ఇల్లు: క్యాట్ 6 చాలా, క్యాట్ 7 వేయించాలా?

మీది రెండంతస్తుల ఇల్లు, స్లాబులు పడ్డాయి, గోడలకు గాడులు కొడుతున్నారు. మళ్లీ పగలగొట్టే పని లేకుండా ఏ నెట్ కేబుల్ వేయాలని అడిగారు.

క్యాట్ అంటే కేబుల్ తరగతి. క్యాట్ 7, 8 జోలికి పోకండి. ఇంట్లో ఒక్కో లైను 30 మీటర్లు దాటడం అరుదు. అంత దూరానికి మంచి క్యాట్ 6 మీదే సెకనుకు 10 గిగాబిట్లు వెళ్తాయి. క్యాట్ 6ఎ అదే స్పీడును వంద మీటర్లు మోస్తుంది గానీ లావు, బిరుసు; వంపుల్లో లాగేవాడికి చుక్కలు కనిపిస్తాయి.

చూడాల్సింది రాగి. చవగ్గా వచ్చే కట్టల్లో రాగి పూత పూసిన అల్యూమినియం ఉంటుంది. దాన్నే సీసీఏ అంటారు; పెట్టె మీద ఆ మాట ఓ మూల రాసి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. తీగ కొసను బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా మెరిస్తే తిరిగిచ్చేయండి. కేబుల్ టెస్టర్‌కి ఈ తేడా తెలీదు, ఎనిమిది లైట్లూ వెలుగుతాయి. కెమెరాకు అదే తీగలో కరెంటు పంపితే వేడెక్కుతుంది, ఉప్పుగాలికి కొసలు పాడవుతాయి. లింకు స్పీడు 1000 నుంచి 100కి పడిందంటే కేబుల్లోని ఏదో తీగల జత పోయిందని అనుమానించాలి.

నన్నడిగితే కేబుల్ కంటే పైపుకే డబ్బు పెట్టండి. కేబుల్ రేపు మార్చుకోవచ్చు, సిమెంటులో నలిగిన పైపును మార్చలేం. 25 ఎం.ఎం. పైపు, మూలల్లో ఎల్బోలు కాదు, లాంగ్ బెండ్లు. రెండు బాక్సుల మధ్య రెండు వంపులకు మించకూడదు. ప్లాస్టరింగ్‌కి ముందే కొసల్లో గుడ్డ కుక్కి, లోపల లాగుడు తీగ వదిలేయండి. "కరెంటు పైపులోనే లాగేద్దాం సార్" అంటాడు ఎలక్ట్రీషియన్, ఒప్పుకోవద్దు. పక్కపక్కన పోతే జానెడు ఎడం, దాటాల్సి వస్తే అడ్డంగా.

టీవీ దగ్గర రెండు, చదువుకునే బల్ల దగ్గర రెండు, వైఫైకి అంతస్తుకొకటి సీలింగులో, మిగతావి కెమెరాలకు. పన్నెండు పాయింట్లకు సగటున 20 మీటర్లు వేసుకున్నా 305 మీటర్ల పెట్టె ఒకటి సరిపోతుంది. గోడ దగ్గర కీస్టోన్ జాక్ (నెట్ తీగలు బిగించే సాకెట్) పెట్టి, తీగల జతల మెలికలు 13 ఎం.ఎం. మించి విప్పకుండా బిగించండి. రెండు కొసల్లోనూ వరస ఒకటే: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ.

పెరట్లో విడిగా గది ఉంటే అక్కడికి మాత్రం రాగి వద్దు, లోహం లేని ఫైబర్ వేయండి. దగ్గర్లో పిడుగు పడితే ఆ దెబ్బ రాగి తీగ వెంటే నెట్ స్విచ్ (కేబుళ్లన్నీ కలిసే పెట్టె) దాకా వస్తుంది.